పెరటి గుమ్మం మూటలు

ఎదురుపడితే "పిన్నీ" అనేవాళ్లు, వెనకాల "మైలమ్మ" అనేవాళ్లు. పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారికి చివరిదాకా చాకిరీ చేసిన మనిషి ఆమె. ఎంత మొండి మరకైనా ఎలా వదిలించాలో ఆ మంచం దగ్గరే నేర్చుకుంది. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక, లేవలేని రోగులున్న ఇళ్లనుంచి పక్కబట్టలు తెచ్చి ఉతకడం మొదలుపెట్టింది.

భర్త అలిగి అన్నం మానేశాడు. ఆడపడుచు ఊగిపోతూ వచ్చింది.

"ఊళ్లోవాళ్ల పియ్యి కడిగి బతకాలా వదినా? మా పుట్టింటి పరువేం కావాలి?"

"మీ అమ్మది కడిగినప్పుడు పరువు గుర్తుకు రాలేదే!"

"అది సేవ. ఇది కూలి."

ఆ మాట వీధి మొత్తానికీ నచ్చింది. ఆమెను శుభకార్యాలకు పిలవడం మానేశారు. మూటలు మాత్రం మానలేదు. పెరటి గుమ్మంలోంచి కాలితో తోసేవాళ్లు. డబ్బులు గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేవాళ్లు. అవే దుప్పట్లు ఉతికి తెచ్చిస్తే ముక్కుకి ఆనించుకుని మురిసిపోయేవాళ్లు. ఆడపడుచు మామగారు మంచాన పడ్డాక అక్కణ్ణుంచీ మూట వచ్చింది, ఎవరిదో చెప్పొద్దన్న షరతుతో.

కొన్నేళ్లకు ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని దొరికింది. షెడ్డు వేసింది, మెషీన్లు కొంది, ఇద్దరు ఆడవాళ్లను పనిలో పెట్టుకుంది. అప్పుడు భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షెడ్డు ముందు కుర్చీ వేసుకున్నాడు. ఆడపడుచు స్వీట్ల పెట్టెతో, ఖాళీగా తిరుగుతున్న కొడుకుతో దిగింది.

"వీణ్ణి మేనేజరుగా పెట్టుకో వదినా. ఆడదానివి, ఆసుపత్రి వాళ్లతో నువ్వేం మాట్లాడతావు?"

"నిజమే," అన్నాడు భర్త. "నువ్వు లోపల ఉతుకుడు చూసుకో. బయటి వ్యవహారం మాకొదిలెయ్."

ఆమె అప్పుడే వచ్చిన మూటొకటి తెచ్చి ఆ కుర్రాడి ముందు పెట్టింది.

"సరే, రమ్మను. ముందు ఈ మూట విప్పమను."

మేనల్లుడు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాడు. "వాడికి వాసన పడదు వదినా!" అంటూ తల్లి వెంటపడింది.

భర్త మాత్రం కుర్చీ వదల్లేదు. మర్నాడు ఆసుపత్రి గుమాస్తా కొత్త ఒప్పందం తెచ్చి, నమస్కారం పెట్టి మరీ ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన దర్జాగా కలం తీశాడు. ఆమె తొట్టి దగ్గర్నుంచి లేచొచ్చి, తడిచేత్తోనే కాగితం లాక్కుని సంతకం చేసింది.

ఆ గుమాస్తా తడిసిన మూల తగలకుండా, కాగితాన్ని జేబురుమాలుతో పట్టుకుని తీసుకెళ్లాడు.