తెల్ల లైటు కింద చేప

మన మార్కెట్టు సంఘం పత్రికకు ఈ ఉత్తరం రాస్తున్నాను. రేపల్లె మార్కెట్టులో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. రొయ్యల బల్ల పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు ఈ చలికి ఎక్కువయ్యాయేమో, రాసుకునే నూనె అయిపోతే కబురు పెట్టమనండి. ఐసు పెట్టెలు మోసే అల్లుడికి నడుము కుదుటపడిందా? బాపట్లలో మా ఆడబిడ్డ బీపీ బిళ్ళలు వేసుకుంటోందో లేదో, తల తిరగడం తగ్గిందంటే చాలు మానేస్తుంది. పీతలు అమ్మే బాబాయిగారి కోడలికి నెలలు నిండుతున్నాయి, తడి గచ్చు మీద నడిచేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకోండి. ఇలా ఒక్కొక్కరినీ అడుగుతూ తెనాలి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. తెనాలిలో మా మరిది పోయాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఆ కబురు ఒకరోజు పొద్దున చేపలు కడుగుతుంటే వచ్చింది. ఫోను మోగితే నాకెప్పుడూ భయమే. మనవడు బండి మీద నుంచి పడ్డాడేమో, కూతురికి జ్వరం తిరగబెట్టిందేమో అనుకుంటూ తీశాను. "నిద్రలోనే పోయాడక్కా" అన్నది మా తోడికోడలు. అన్ని భయాలు పడతానే, ఈ ఒక్క భయం నేనెప్పుడూ పడలేదు.

మరిది అంటే మా ఆయన తమ్ముడు. ఇంట్లో అందరూ సముద్రాన్ని నమ్ముకుంటే అతనొక్కడే కరెంటు పనిలోకి వెళ్ళాడు. తెనాలిలో దుకాణాలకు, బాపట్ల వైపు బియ్యం మిల్లులకు, ఇక్కడ మన మార్కెట్టుకు లైట్లు పెట్టింది అతనే. మా ఆయన పోయిన దగ్గర నుంచి నా ఇంట్లో బల్బు మాడినా తెనాలి నుంచి రైలెక్కి వచ్చేవాడు. ఇక్కడ కరెంటు పని చేసేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు వదినా, కానీ నువ్వు వాళ్ళ నిచ్చెన పట్టుకుని వణికితే వాళ్ళు పడిపోతారు అనేవాడు. లైటు వెలిగాక గానీ టిఫిన్ ముట్టేవాడు కాదు. కొత్త లైటు కింద ముందుగా తన అరచెయ్యి చాపి చూసుకునేవాడు. రక్తం రంగు కనపడుతోందా లేదా అని.

నేను చదివింది అయిదో తరగతి. అయినా సోడియం లైటుకూ ఎల్‌ఈడీకీ తేడా చెప్పమంటే చెప్పగలను, అన్నిసార్లు చెప్పాడు. సోడియం లైటు పసుపు వెలుగు. వెయ్యగానే వెలగదు, మెల్లగా ఎర్రబడి, కాసేపటికి నిండుగా వస్తుంది. కరెంటు పోయి వస్తే అది చల్లారేదాకా మళ్ళీ వెలగదు, అందాకా చీకట్లో కూర్చోవాలి. ఎల్‌ఈడీ వెయ్యగానే తెల్లగా వెలుగుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. కానీ మూత సరిగ్గా బిగించకపోతే సముద్రం గాలికి లోపలి సర్క్యూట్టు తుప్పు పడుతుంది. సూర్యలంక దారిలో ఒక హోటలు వాళ్ళకు అలాగే అయితే, వాటిని విప్పి రబ్బరు వాసరు వేసి మళ్ళీ బిగించి వచ్చాడు. అలాగని ఏదో ఒక్కటే గొప్పదని అనేవాడు కాదు. బాపట్లలో మిల్లు యజమాని ఆవరణంతా తెల్ల లైట్లే కావాలంటే, ఉన్న సోడియం లైట్లు బాగానే ఉన్నాయి, మాడేదాకా ఉంచండి, వడ్ల బస్తా ఏ రంగులో కనపడితే ఏంటండి అని తనకు రావలసిన పనిని తనే వద్దనుకుని వచ్చాడు. "లైటు మంచిదా అని నన్నడక్కండి. దాని కింద ఏం పెడతారో చెప్పండి" అనేది అతని మాట.

మన మార్కెట్టు రేకుల షెడ్డులో లైట్లు మార్చాలని సంఘం వాళ్ళు అనుకున్నప్పుడు అతన్నే పిలిచారు. అది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రొయ్యల వైపు పాత సోడియం లైటు ఉంచి, మా చేపల వైపు ఎల్‌ఈడీ కట్టాడు. చేపకు తెల్ల లైటే సరిపోతుందని అతని లెక్క. వారం చూసి, ఏది బాగుందో అమ్మేవాళ్ళే చెప్పాలన్నాడు. రొయ్యల పెద్దమ్మ ఊరుకుంటుందా? "పసుపు లైటు కింద మీ వదిన కూడా బంగారంలా ఉంటది, దాన్ని పీకేస్తే ఎట్టాగయ్యా" అన్నది. "ఆ లైటు కిందే కదా పెద్దమ్మా మా అన్న మోసపోయింది" అన్నాడు నిచ్చెన మీద నుంచే. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పటికే సుగరు వల్ల అతని కళ్ళకు పొర కమ్మింది. అది మీకెవరికీ తెలియదు, పని ఇవ్వరని చెప్పనివ్వలేదు. "నా కళ్ళకి అన్నీ పసుపే వదినా ఇప్పుడు. నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెప్తే అదే చేస్తా" అన్నాడు.

ఆ వారం సముద్రం బాగాలేదు. పడవలు సరిగ్గా వెళ్ళలేదు. నా గంపలో పైన నాలుగు తాజా కొయ్యంగలు, అడుగున ఐసులో నిన్నటివి. ఇది మనందరం చేసేదే. సోడియం లైటు కింద ఏ చేప మొప్ప ఎత్తి చూసినా ఒకటే మట్టి రంగు, కొనేవాళ్ళు పొట్ట నొక్కి, మన ముఖం చూసి, మాట నమ్మి తీసుకుంటారు. ఆ సాయంత్రం ఎప్పుడూ నా దగ్గరే కొనే టీచరమ్మ అడుగు చేపను లాగి, మొప్ప ఎత్తింది. తెల్ల లైటు కింద అది వెలిసిపోయిన గుడ్డలా ఉంది. పక్కన నా తాజా చేప మొప్ప మందారంలా ఉంది. టీచరమ్మ చేపను నెమ్మదిగా పెట్టేసి వెళ్ళిపోయింది.

 రేపు అందరూ ఇలాగే వెళ్ళిపోతే ఏం తినాలి, ఈ వయసులో ఇంకే పని చేతనవుతుంది అని ఏవేవో ఆలోచించేశాను. అప్పుడే అతను వచ్చి గంప పక్కన కూర్చున్నాడు. ఎలా ఉంది వదినా అన్నాడు.

"తెల్ల లైటు కింద చేప చచ్చినట్టు కనపడతంది అబ్బాయ్. జనం తిరిగి పోతన్నారు. పసుపుదే మంచిది."

ఇదీ నేనన్న మాట.  "అయితే నా లెక్క తప్పిందన్నమాట" అన్నాడు. మర్నాడు ఎల్‌ఈడీ తనే విప్పి, పాత లైటు కట్టేశాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. అతను నా అబద్ధాన్ని విద్యలా నేర్చుకున్నాడు. తెనాలిలో, బాపట్లలో ఎవరు చేపల దుకాణానికి లైట్లు అడిగినా, తెల్లవి వద్దు, మా వదిన స్వయంగా చూసి చెప్పింది అనేవాడట. ఈ రోజుల్లో సోడియం అంటాడేంటి, ముసలాయనకు చాదస్తం అని కుర్రకారు నవ్వేవాళ్ళట. పని వేరేవాళ్ళకు ఇచ్చేవాళ్ళట. సోడియం లైటు వెలగడానికి కావలసిన చోకులు దొరకడం మానేస్తే, మన షెడ్డు కోసం పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి ఏరుకొచ్చేవాడు. ఆ కళ్ళతో.

చెబుదామని రెండుసార్లు తెనాలి వెళ్ళాను. మొదటిసారి ఇంట్లో చుట్టాలున్నారు. రెండోసారి ఒక్కడే ఉన్నాడు, నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమి, చేపముల్లు గుచ్చుకుందా వదినా, మందు రాసుకో అన్నాడు.  ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను. అన్నిటికీ ముందే కంగారుపడే మనిషిని, దీనికి మాత్రం తొందరపడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. అతని లెక్క తప్పలేదు. చేపకు తెల్ల లైటే సరైనది. అతనికి కళ్ళు పోయినా తెలిసింది, కళ్ళున్న నేను తప్పు చెప్పాను. అతన్ని చూసి నవ్వినవాళ్ళు ఎవరైనా మీకు ఎదురైతే ఈ మాట చెప్పండి. షెడ్డులో లైట్లు మార్చమని సంఘం పెద్దను అడిగాను. నా గంప ఏమవుతుందో నాకు తెలియదు, భయంగానే ఉంది.

మీకు కాగితం మీద చెప్పగలిగాను గానీ, మా తోడికోడలికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఇది అచ్చయి ఆమె చెవిన పడకముందే చెప్పాలి. విన్నాక నా ముఖం చూస్తుందో లేదో. నిన్న ఫోను చేశాను. ఆయన గురించి ఒక మాట చెప్పాలి, ఫోన్లో చెప్పేది కాదు అన్నాను. 

"రా అక్కా. ఆయన కళ్ళజోడు ఇంకా కిటికీలోనే ఉంది. రోజూ తుడిచి అక్కడే పెడతన్నా" అన్నది.

ఈ గురువారం, పౌర్ణమి ముందురోజు, పొద్దున మొదటి రైలుకు వస్తున్నానని చెప్పాను.