దీక్షా శిబిరంలో ఉయ్యాలలు

మొన్న భూపాలపల్లిలో మా ఆఫీసు ముందు రేగొండ వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి ఆగింది. నిండా మిర్చి బస్తాలు. డ్రైవరు టీ తాగడానికి దిగాడు, గాలి ఇటు మళ్లింది, అంతే! నేను వరసగా తుమ్మడం మొదలుపెట్టాను. కళ్లల్లో నీళ్లు, ముక్కులో మంట, గొంతులో గరగర. ఆఫీసులో పనిచేసే అమ్మాయిలు కిటికీలు మూయడానికి పరుగెత్తారు. "మూయకండమ్మా, కాసేపు ఉండనివ్వండి" అన్నాను. మిర్చి ఘాటును ఉండనివ్వమనే మనిషిని వాళ్లెక్కడా చూసి ఉండరు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకేమో ఆ ఘాటు తగలగానే కేసముద్రం మార్కెట్ యార్డు, యార్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ఆ గుమ్మంలో కొంగు నడుముకు దోపుకొని నిలబడ్డ రజియా ఆపా కళ్ల ముందుకొచ్చింది.

ఆపా అంటే అక్క అనే గానీ, ఆమె నాకు బంధువు కాదు. మాది జనగామ. చదువు అయిపోయి, ఉద్యోగం లేక, అమ్మ చేత రోజూ చీవాట్లు తింటున్న రోజుల్లో కేసముద్రంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు ఇంగ్లీషులో రిపోర్టులు రాసే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. సంస్థ అంటే ఏదో అనుకునేరు, అంతా కలిపి రజియా ఆపా ఒక్కతే. యాభై దాటిన మనిషి. రైల్వేలో పనిచేసిన భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. యార్డులో మిర్చి ఘాటు మధ్యనే ధాన్యం ఊడ్చే, చెరిగే, బస్తాలు కుట్టే ఆడవాళ్ల పసిపిల్లల కోసం ఆ షెడ్డు అద్దెకు తీసుకొని, పాత చీరలతో ఉయ్యాలలు కట్టించి, ఇద్దరు ఆయాలను పెట్టింది. ఢిల్లీలోని దాతలెవరో డబ్బు పంపేవారు. అంతకుముందు ఆ పిల్లలను లారీల నీడన పడుకోబెట్టేవారట. లేదంటే ఇంట్లో పెద్దపిల్లను బడి మాన్పించి, చంటివాణ్ని ఆమె చంకకెత్తేవారు.

సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని ప్యాసింజరు రైలు దిగి వెళ్లిన నన్ను ఆపా ఎగాదిగా చూసింది. ఫైలు తీసుకుని అల్మారా మీద పడేసి, గుక్కపట్టి ఏడుస్తున్న ఒక పిల్లాణ్ని నా చేతుల్లో పెట్టింది. నాకు ఒళ్లు మండింది. "నేను రిపోర్టులు రాయడానికి వచ్చానండి" అన్నాను.

"రాస్తువుగాని తీ. ఎవలి గురించి రాస్తవో వాళ్లు నీకు ఎరికుండాలె గద బేటా" అంది. "ఒక్క పోరణ్ని మనం పట్టుకుంటె ఒక్క పిల్ల బడికి పోతది. మన పని గింతే. ఎక్కువ సోంచాయించకు."

ఆ పిల్లాడి పేరు రాజు. తల్లి ద్వాళి, తండా నుంచి రోజూ యార్డుకు వచ్చే లంబాడా మనిషి. రాజు వాళ్ల అక్క మంగి. మంగిని ఆపా ఆ మధ్యే బడిలో వేసింది. చదువు ఆలస్యంగా మొదలైన పిల్ల కాబట్టి తరగతిలో అందరికంటే పొడుగు. ఇంటర్వెల్ గంట కొడితే చాలు, మిగతా పిల్లలు ఐసు బండి దగ్గరికి పరుగెడితే మంగి మా షెడ్డుకు పరుగెత్తుకొచ్చేది. మా మీద నమ్మకం లేదు మరి! గుమ్మంలోంచే విచారణ: "ఏడ్చిండా? తిన్నడా? ఎవలన్న కొట్టిండ్రా?" నేను ఎంఏ చదివిన మనిషిని ఆ పిల్లకు చేతులు కట్టుకుని జవాబు చెప్పేదాన్ని. తృప్తిగా తలూపి మళ్లీ బడికి పరుగు.

ఆపాకు ఒక నియమం ఉండేది, అది నాకు తలనొప్పి. ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించాకే రిపోర్టు ఢిల్లీకి పోవాలి. నేను రాసిన మొదటి రిపోర్టును తెలుగులో చెప్పమని ద్వాళిని ఎదురుగా కూర్చోబెట్టింది. అణగారిన బతుకులు, దిక్కులేని తల్లులు, చీకటి నిండిన భవిష్యత్తు అంటూ నేను రాగం తీసి చదివాను. ద్వాళి చెంపకు చెయ్యి ఆనించుకుని శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక నిట్టూర్చింది. "పాపం, మస్తు తక్లీఫుల ఉన్నట్టున్నరు. ఏ ఊరోళ్లు ఆపా వీళ్లు?"

ఆపా నవ్వు ఆపుకోలేక ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ బయటికి పోయింది. నేను రిపోర్టు మళ్లీ రాశాను. ఈసారి ద్వాళి ఎన్నింటికి లేస్తుందో, ఏం పని చేస్తుందో, కూతురు ఏం చదువుతుందో రాశాను. అది విని ద్వాళి, "ఆ, గిది మాదే" అంది.

అవి తెలంగాణ ఉద్యమం ఊరూరా పొయ్యి మీద పాలలా పొంగుతున్న రోజులు. సరిగ్గా అప్పుడే దాతల తరఫు ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు. మంచివాడే, చెప్పలేక చెప్పాడు. ఢిల్లీ వాళ్లు ఇక వేరే జిల్లాలు, వేరే పనులు చూసుకుంటారట. "ఇన్నాళ్లు చేశాం కదా మేడమ్, ఇక మీ కాళ్ల మీద మీరు నిలబడాలి" అన్నాడు.

ఆపా ఉయ్యాలల వైపు చూపించింది. "గీళ్లకింకా కాళ్లే రాలె సార్. నిలబడుడేంది?"

అతని చేతిలో మాత్రం ఏముంది? నేను తెలిసిన ప్రతి సంస్థకూ రాశాను. బంద్‌లు, రాస్తారోకోలు, మూతబడ్డ ఆఫీసులు. పలికిన నాథుడు లేడు. ఈలోగా షెడ్డు యజమాని పత్తి నిల్వ చేసుకుంటానని ఖాళీ చెయ్యమన్నాడు. ఆఖరి రోజు సాయంత్రం ద్వాళి వచ్చి ఆపా ముందు కూర్చుంది. పక్కన మంగి, చంకలో తమ్ముడు.

"ఆపా, నా మీద గుస్స చెయ్యకు. కైకిలి ఇడిసిపెడితె తినుడెట్ల? పోరణ్ని లారీల నడుమ పండబెట్టలేను. సోమారం సంది మంగిని బడి బంద్ చేపిస్త."

మంగి తమ్ముణ్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది, అంతే. ఆపా చాలాసేపు ఆ పిల్లనే చూసింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"సోమారం పిల్లను బడికే తోలు. పోరణ్ని నాకియ్యి."

"ఏడ పెడ్తవు ఆపా?"

"నీకెందుకే? ఏడనో ఆడ."

ఆ రోజుల్లో మానుకోట నుంచి చిన్న చిన్న ఊళ్ల దాకా రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్షల శిబిరాలుండేవి. టెంటు, తివాచీ, మైకు. రోజుకొక సంఘం వంతు: ఒకరోజు వకీళ్లు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు టీచర్లు. పొద్దున దండలు వేసుకుని కూర్చుంటే సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. కేసముద్రం శిబిరం కన్వీనరు ఒక కాలేజీ లెక్చరరు. ఆపా ఆయన దగ్గరికి వెళ్లి మా సంఘానికీ ఒక వంతు కావాలంది. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆడవాళ్లు ముందుకు రావడమంటే మాటలా! సోమవారం, యార్డులో కమీషను మీద ధాన్యం అమ్మిపెట్టే అడ్తిదారుల సంఘంతో కలిసి కూర్చోమన్నాడు.

సోమవారం పొద్దున వెళ్లాం. ముందు నీళ్ల బిందె, తర్వాత పప్పుబియ్యం సంచి, ఆ తర్వాత చీరల మూట. ఆపా చకచకా టెంటు గుంజలకు ఉయ్యాలలు కట్టింది. వెనకే ఆయాలు, ఆయాల చంకల్లో, భుజాల మీద, వేళ్లు పట్టుకుని పిల్లలు. అప్పటికే మెడలో దండతో కూర్చున్న అడ్తిదారుల పెద్ద వీరేశం సేటు నోరు తెరిచాడు, మూయలేదు. కన్వీనరు గారు పరుగెత్తుకొచ్చారు.

"ఆపా, ఏంది గిది? గిది దీక్ష టెంటు!"

"ఎరికే సార్. ఇయ్యాల మా సంఘం వంతు గద. మా సంఘమంటె గీళ్లే."

"వీళ్లు నిరాహారం చేస్తరా?"

"అయ్యో, ఎట్ల చేస్తరు? ఆకలైతె టెంటు లేవగొడ్తరు."

జనం మూగారు. పంపించేస్తే బాగుండదు, ఉంచుకుంటే నవ్వులపాలు. పాపం ఆ లెక్చరరు అటూ ఇటూ చూసి, చివరికి కోపంగా మైకు ఆపా చేతికిచ్చి, "నువ్వే చెప్పు అందరికి" అన్నాడు. ఆపాకు మైకు పట్టుకోవడం రాదు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది, అది కీచుమంది.

"అన్నలాల, రోజూ గీ మైకుల వింటున్న. తెలంగాణ మా కోసం గాదు, పుట్టబోయే బిడ్డల కోసమంటున్నరు. మంచిగుంది. పుట్టినోళ్లు గీడ ఉన్నరు. జర ఎత్తుకోండ్రి."

ఆపా రాజును తీసుకెళ్లి వీరేశం సేటు ఒళ్లో కూర్చోబెట్టింది. వాడు దండలోని బంతిపువ్వు ఒకటి పీకి నోట్లో పెట్టుకున్నాడు, ఆ వెంటనే సేటు తెల్లటి ధోవతి తడిపేశాడు. జనం గొల్లున నవ్వారు. సేటు కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా! మధ్యాహ్నం టెంటు వెనక పిల్లలకు కిచిడీ పోపు వేస్తుంటే మాత్రం ఆయన గొంతు దీనంగా వినిపించింది. "ఆపా, నన్ను సంపుతవా ఏంది? జర దూరం వోయి వండరాదు."

ఇంటర్వెల్‌లో మంగి వెతుక్కుంటూ రానే వచ్చింది. దండలు వేసుకున్న పెద్దమనుషులందరినీ వరసగా అడిగింది: "ఏడ్చిండా? తిన్నడా?" సేటు బుద్ధిగా, "తిన్నడు బిడ్డా, నేనే తినలే" అన్నాడు. ఆ పిల్ల తిరిగి బడికి పరుగెత్తింది.

మర్నాడు వకీళ్ల వంతు. మేం మళ్లీ వెళ్లాం. ఆ మర్నాడూ వెళ్లాం. కన్వీనరు గారు అడగడం మానేశారు. నినాదాలిస్తే పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఆపా వేలెత్తి కసిరేది: "ఇప్పుడే పండిండ్రు, మెల్లగ అనుండ్రి!" అంతంత లావు మీసాల మనుషులు పిడికిళ్లెత్తి గుసగుసగా "జై తెలంగాణ" అనడం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ ఎవరికి చెప్పినా నమ్మరు.

కొన్నాళ్లకు వీరేశం సేటే ఆపాను పక్కకు పిలిచాడు. యార్డులో రైతుల కోసం కట్టిన విశ్రాంతి గది గోనె సంచులతో మూలుగుతోందని, దాన్ని ఖాళీ చేయిస్తానని, ఖర్చంతా తానే పెట్టుకుంటానని అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆపా మాత్రం తల అడ్డంగా ఊపింది.

"గది ఇప్పియ్యి సేటూ, నీ కడుపు సల్లగుండ. ఖర్సు ఒక్కనివే పెట్టుకోకు. ఢిల్లీ వాళ్లొక్కల్ల మీద ఆనితె ఏమయింది? వాళ్ల మనసు మారింది, మేం రోడ్డు మీద పడ్డం. దీక్షకు వంతులున్నయి గద. దీనికి గూడ పెట్టుండ్రి."

అలా మొదలైంది. ఒకరోజు అడ్తిదారులు, ఒకరోజు వకీళ్లు, ఒకరోజు టీచర్లు, ఒకరోజు మసీదు పక్క దుకాణాలవాళ్లు. ఆ రోజు బియ్యం, పప్పు, ఆయాల కూలి వాళ్లవే. వాళ్లలో ఒక్కరైనా వచ్చి కాసేపు పిల్లలను ఆడించాలి. అన్నీ కుదిరాక ద్వాళి వచ్చి, "మా వంతు ఏది ఆపా?" అంది. ఊడ్చే ఆడవాళ్లంతా కలిసి ఒక రోజు పెట్టుకుంటామంది. వాళ్ల దగ్గర తీసుకోవడం ఏం బాగుంటుందని నేను అడ్డుపడ్డాను. ఆపాకు నా మీద నిజంగా కోపమొచ్చింది చూడండి, అదే మొదలు, అదే చివర. "వాళ్ల పిల్లలకు వాళ్లొక పూట పెట్టుకుంటమంటె వద్దనెటందుకు నువ్వెవలు, నేనెవలు?" అంది. శుక్రవారం వాళ్లకిచ్చింది.

రాష్ట్రం వచ్చింది. శిబిరం పీకేశారు. గది ఉండిపోయింది, వంతులూ ఉండిపోయాయి. నేను పెళ్లయి భూపాలపల్లికి వచ్చేసి, ఇక్కడ తండాల పిల్లల కోసం ఇలాంటి పనే మొదలుపెట్టాను. మంగి పదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజుల్లో ఒక పొద్దున ఫోను వచ్చింది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే ఆపా వెళ్లిపోయింది. నేను బస్సులు మారి కేసముద్రం చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది.

ఆపా ఇంటికి యార్డు మీదుగానే దారి. ఆ రోజు గది మూసి ఉంటుందనుకున్నాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ద్వాళి పిల్లలకు అన్నం కలుపుతోంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి, "ఇయ్యాల శుక్రారం. మా వంతు" అంది. మంగి ఎక్కడని అడిగాను.

"పరీక్షల ఉన్నది. దానికి చెప్పలే."

ఆ మాట అంటుండగానే మంగి వచ్చింది. దారిలో ఎవరో చెప్పేసినట్టున్నారు. చేతిలో ప్రశ్నపత్రం నలిగిపోయి ఉంది. "ఎందుకు చెప్పలే యాడీ? పొద్దుగాలనే ఎరికుండి ఎందుకు చెప్పలే?" అని తల్లి మీద అరిచింది.

ద్వాళి ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, రెండో చేత్తో కూతురు తలను దగ్గరికి లాక్కుంది. "చెప్తే రాస్తుంటివా? పరీక్ష ఇడిసిపెట్టి ఉరికొస్తుంటివి. ఆపా నన్ను ఊకుంటదా?"

ఇంట్లో ఆపాకు ఆఖరి స్నానం చేయిస్తున్నారు. ఇక్కడ ఈమె, ఆపా ఊరుకోదని భయపడుతోంది. ఒకప్పుడు ఈ తల్లే, సోమవారం నుంచి పిల్లను బడి మాన్పిస్తానని అదే ఆపా ముందు కూర్చుంది. ఫోను వచ్చినప్పటి నుంచి నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఆ మాట విన్నాక గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. మంగే వచ్చి నన్ను లేవదీసింది. పిల్లలను ఆయాలకు అప్పగించి ముగ్గురం కలిసి ఆపా ఇంటికి నడిచాం.

ఇప్పటికీ నాకు విసుగొచ్చే రోజులుంటాయి. ఎవరూ జవాబివ్వరు, ఎవరో సాయం ఆపేస్తారు, ఏదో ఒక తండాలో పని మానేసి చేతులు దులుపుకుందామనిపిస్తుంది. కుర్చీలో వెనక్కి వాలి, ఇక నా వల్ల కాదని పైకే అంటాను. అప్పుడు "ఆపా నన్ను ఊకుంటదా?" అన్న ద్వాళి గొంతు వినిపిస్తుంది. ఆపా పోయి ఇన్నేళ్లయినా నన్ను కూడా ఊరుకోదు. కాసేపు గొణుక్కుంటాను, తర్వాత చెప్పులేసుకుని బయల్దేరుతాను.