మందలో లాగుడు

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నా గొర్రెలు ఒకదాని పొట్టకింద ఒకటి తల దూర్చి నిలబడిపోతాయి. అప్పుడు మందలోంచి ఉన్నీ దుమ్మూ కలిసిన ఒక వాసన లేస్తుంది. ఆ వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం సైన్సు పాఠం గుర్తొస్తుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ ఏడాది మా తరగతి ఫలితాలు బాగా మెరుగుపడ్డాయట. అట్లాంటివాడికి నలభై ఏళ్ల వయసులో పాఠం చెప్పినావిడ సరళ మేడం. పెద్దముడియం దగ్గర మా ఊరి హైస్కూలులో సైన్సు చెప్పేది. తర్వాత బదిలీ మీద సొంతూరు పులివెందులకు వెళ్లిపోయింది.

ఒకరోజు బడి వెనక బీడు నేలలో మేపుతుంటే మేడం గట్టు మీద నిలబడి కేకేసింది.

"ఏమప్పా, రేపు నీ గొర్రెల్ని బడికి తోలుకొస్తావా?"

"నన్నే తరిమినారు మేడం, వీటిని చేర్చుకుంటారా?"

"వాటికి సీటుండాది. నువ్వు బయట నిలబడు."

నవ్వి సరేనన్నాను. చిక్కల్లా ఇంట్లో ఉంది. ఎనిమిదో తరగతి చదివే నా కూతురు లత, తన నాయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉందని పక్క ఊళ్లనుంచి వచ్చే స్నేహితులకు చెప్పుకుంది. ఆ సంగతి నాకు తెలుసు, తెలియనట్టే ఉన్నాను. సాయంత్రం అది కంచం ముందు ఏడుపు మొహంతో కూర్చుంది.

"రానని చెప్పు నాయనా."

"మాటిచ్చినా కదమ్మా. నేనెవరో ఎరగనట్టు ఉండు, నేనూ నిన్ను ఎరగను."

మరుసటి రోజు బడి మైదానంలో తడికల దొడ్డి కట్టి మందను నింపాను. గొర్రెలు కిక్కిరిసి, ఉన్నచోటే కదులుతున్నాయి. "ఇది ఘనం" అంది మేడం. తడిక తీయించింది. ఒకదాన్నొకటి రాసుకుంటూ గోడ వెంబడి పారాయి. "ఇది ద్రవం." ఇంతలో కుక్క మొరిగింది, మంద చెల్లాచెదురైంది. "ఇది వాయువు! కణాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కదలిక తక్కువుంటే ఆ లాగుడు గెలుస్తాది. వేడి పెరిగితే కదలిక గెలుస్తాది. ఎండ ముదరనీండి, ఇవి ఇంకా చెదిరిపోతాయి చూడండి."

ఎండ ముదిరింది. గొర్రెలు చెదరలేదు. ఒక్కొక్కటే తిరిగొచ్చి ముద్దగా కూడి తలలు దూర్చుకున్నాయి. నా నోరు ఊరుకుంటుందా?

"మేడం, ఇవి మీ పుస్తకం చదవలేదు!"

పిల్లలు గొల్లుమన్నారు. మేడం మొహం ఎర్రబడింది. ఆమెను వెనకేసుకు రావాలని ఒక పిల్లవాడు అరిచాడు. "గొర్రెలోడు మేడం, ఆయప్పకేం తెలుసు?"

నేను నవ్వుతూనే నేల చూశాను. లత వైపు మాత్రం చూడలేదు.

"ఆయప్ప కాదు. మా నాయన." లత లేచి నిలబడి ఉంది. "మేడం, ఎండకు గొర్రెలు నడవలేవు. కదలిక తగ్గిపోతాది. అందుకే మందలో లాగుడు గెలిచింది."

మేడం ముద్దగా కూడిన మంద వైపు తిరిగి చూసింది. తర్వాత పిల్లలందరి ముందూ చెప్పింది. "తప్పు నాది. వేడి కణాలకు కదలిక ఇస్తాది, గొర్రెలకు తగ్గిస్తాది. లత చెప్పిందే అసలు పాఠం. కదలికా లాగుడూ, ఈ రెండింట్లో ఏది గెలుస్తాదో చూడాల."

నేను బడి మానేసిన రోజు తప్పు అయ్యవారిది, దెబ్బలు నావి. చెప్పేవాళ్లు కూడా తప్పు ఒప్పుకోవచ్చని ఆ రోజే చూశాను. ఇప్పటికీ ఇంట్లో నాది పొరపాటైతే 'తప్పు నాది' అన్న ఆ రెండు మాటలూ పిల్ల ముందే అంటాను.

గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. లత మందను ముందుండి నడిపిస్తోంది. నేను మాత్రం మైదానంలో నిలబెట్టిన నల్లబల్ల దగ్గరే తచ్చాడుతూ, "బడికీ నాకూ పడదులే మేడం, ఏడో తరగతిలోనే మానేసినా" అని గొప్పగా చెప్పాను.

మేడం సుద్దముక్క పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది.

"మరి గంట కొట్టినా పోకుండా ఈడే తిరుగుతాండావేందప్పా?"