తెర ఇవతలి గాలి

తాడేపల్లిగూడెంలో పాత కార్లు బాగుచేసే మస్తాన్ పనితనమంటే జనానికి గురి. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేసేవాడు. అంతటి మనిషి ఆ ఒక్కసారి ఎలా పొరబడ్డాడా అని నేనిప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం, మే నెల ఎండలు. ఆయన భార్య గౌసియాకు ఉబ్బసం ముదిరింది. ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే తప్ప లాభం లేదన్నారు. బాడుగ కారు నడిపే పాపారావు తన బండిలో దింపుతానన్నాడు గానీ, అది పదేళ్ల నాటిది. ముందు అద్దం మొదట్లో ఉండే, తెరిస్తే లోపలికి గాలి కొట్టే మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గౌసియా గోషా మనిషి. వెనక కిటికీలకే కాదు, రెండు సీట్ల మధ్యా మందపాటి తెర కట్టాలి. ఇక గాలికి ఆ మూతే దిక్కు.

మస్తాన్ పొద్దున్నించీ దానితోనే కుస్తీ పట్టాడు. కిరసనాయిలు పోసి, తుప్పు గీకి, లోపలి జల్లెడలో పేరుకున్న ఊక, చచ్చిన పురుగులు తీసేశాడు. పాపారావు చేత బజారు చుట్టూ ఒకసారి తిప్పించి, తను ముందు సీట్లో కూర్చుని చూసుకున్నాడు. గాలి ముఖానికి రివ్వున కొట్టింది. సంబరపడిపోయాడు పాపం! తెరలు కట్టాక ఆ గాలి వెనక్కి పోదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

మర్నాడు బయల్దేరారు, మస్తాన్ ముందు పాపారావు పక్కన, గౌసియా తెర వెనక. గౌసియా పరాయి మగవాడి ముందు గొంతెత్తే మనిషి కాదు. భీమడోలు దాటాక వెనక నుంచి దగ్గు వినిపించింది. తన ముఖానికి గాలి తగులుతోంది కనుక ఆమెకూ తగులుతోందని మస్తాన్ ధీమా. దెందులూరు దగ్గర ఆమె మధ్య తెర అంచు కొంచెం ఎత్తింది. పక్కన పాపారావు ఉన్నాడాయె. దించమని మస్తాన్ మెల్లగా అన్నాడు. ఆమె దించేసింది.

ఏలూరు ఆసుపత్రి ముందు తెర తీసేసరికి గౌసియా సీటులో పక్కకు ఒరిగిపోయి ఉంది. డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయిందన్నాడు.

మూడో నాడు పాపారావు పలకరించడానికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అతనూ కుమిలిపోతున్నాడు.

"ఒక్క మాటంటే బండి ఆపి నేను దూరంగా వెళ్లి నిలబడేవాణ్ణి కదండీ, మస్తాన్‌గారూ. చెల్లెమ్మ అడగనైనా లేదు" అన్నాడు.

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు.

"అడిగిందండీ. తెర ఎత్తి అడిగింది. నేనే దించమన్నాను."