మా మేస్త్రీ చెప్పుకున్న జబ్బు

మా మేస్త్రీ పోయినాడని మొన్న మంగళవారం పొద్దున్నే పెనుకొండ నుంచి ఫోను వచ్చింది. గుండె ఆగిందన్నారు. ధర్మవరంలో నేను బస్సెక్కేలోపలే ఇద్దరు అడిగినారు, "ఆ జబ్బుతోనేనా?" అని. కాదు. ఆ జబ్బు పెట్టుకుని ఆయన ఏండ్లకేండ్లు పనిచేసినాడు. బస్టాండులో నిలబడి చెప్పలేక ఇది రాస్తాండా.

ఆయనది సెంట్రింగ్ పని, స్లాబు పోసే ముందు చెక్కలు కొట్టేది. శెనక్కాయ ఎండిపోయిన ఏడు నేను కనగానపల్లి విడిచి ఆయన వెంట బెంగళూరు పోయినా. అప్పటికి నాకు పెండ్లయి ఆరు నెలలు. రేకుల షెడ్డులో అందరమూ మగోళ్లమే. శనివారం కూలి బట్వాడా కాగానే పాతోళ్లు తాగేదానికి పోతాండిరి, ఆడ్నుంచి మార్కెట్టు వెనక ఆడోళ్ల దగ్గరికి. రానన్నోణ్ని వారమంతా ఎగతాళి చేస్తాండిరి. మూడు వారాలు ఓర్చుకున్నా. నాలుగో వారం పోయినా. మళ్లీ మళ్లీ పోయినా. కండోమ్ సంగతి తెలియక కాదు. మందుల షాపులో అడిగేదానికి సిగ్గు. తాగినాక సిగ్గు పోయేది, తెలివి గూడా పోయేది.

మేస్త్రీకి అన్నీ తెలుసు. తిట్టేవాడు కాదు. ఊరికి బయల్దేరినోణ్ని మాత్రం ఒకటే అడిగేవాడు: "ఇంటికాడ ఆయమ్మికి ఏం తీసకపోతాండావప్పా?" గాజులనో, చీరనో చెప్పేవాళ్లం.

ఒక శనివారం బట్వాడాకు ముందు అందరినీ కూర్చోబెట్టినాడు.

"నాకు హెచ్‌ఐవి ఉండాది," అన్నాడు. "మీ మాదిరే పోయినా. నలుగురు పోతాంటే వెనక్కి తగ్గేదానికి నామోషీ. 'కండోమ్ లేకుంటే వద్దప్పా' అని ఆడుండే ఆమె చెప్పింది. తాగినోణ్ని, ఇంకో నాలుగు దుడ్లిచ్చి నోరు మూయించినా. ఆమెనేం అనొద్దండి. తెచ్చుకునింది నేను. మీ వదినకిచ్చింది నేను."

మాలో పెద్దాయన ఒకడు లేచినాడు. "ఇట్లాంటివి చెప్పుకుంటే నీతో ఎవరు కూర్చొని తింటారు మేస్త్రీ?"

"తినకపోతే మానండి. పరీక్షకు మాత్రం రాండి."

ఆ వారమే ఇద్దరు పని మానేసి పోయినారు. మిగిలినోళ్లు అన్నం దగ్గర ఎడంగా జరిగినారు, నేను గూడా. మేస్త్రీ తన అన్నం తట్ట తీసకపోయి వాకిలి దగ్గర కూర్చొని తిన్నాడు. అట్ల జరిగి కూర్చున్నందుకు నాకిప్పటికీ సిగ్గే.

తర్వాత ఊరికొచ్చేటప్పుడు ఆరుగురం ఆయనతో హిందూపురంలో దిగి పెద్దాసుపత్రికి పోయినాము. బల్ల మీద నా పక్కన కూర్చొని, "భయమైతాందా?" అన్నాడు.

"అవుతాంది అన్నా."

"కానీలే. నాకప్పుడు పక్కన ఎవరూ లేరు."

నాకు లేదని వచ్చింది. ఆ పెద్దాయనకు ఉందని వచ్చింది. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న హోటలుకు పిల్చకపోయినాడు. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరూ అన్నం తిన్నారు. ఆ పెద్దాయన మాత్రలు వాడుతూ ఇప్పటికీ పనికి పోతాండాడు.

ఇంట్లో చెప్పల్లనా అని అడిగితే, "నీ నోటితో నువ్వే చెప్పు. ఇంకొకరు చెప్తే ఆయమ్మి రెండుసార్లు ఏడుస్తాది," అన్నాడు మేస్త్రీ. చెప్పినా. నా భార్య నెల దినాలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనూ పరీక్ష చేయించుకునింది. తనకూ లేదు.

అప్పట్నుంచి మేస్త్రీ బట్వాడా ఊరికి పోయే రోజుకు మార్చినాడు. శనివారం తానే సంగటి కెలికి, కోడికూర చేసేవాడు. వస్తామన్న మా ఇండ్ల ఆడోళ్లకు సైటు దగ్గరే రేకుల గదులు వేయించినాడు. నా భార్య గూడా వచ్చింది.

మంగళవారం నేను పోయేసరికి ఆయన్ను వసారాలో పడుకోబెట్టి ఉండారు. పొద్దున తొమ్మిదికి లోపల కొక్కేనికి వేలాడుతున్న చొక్కాలో ఆయన ఫోను మోగింది, ఇద్దరి మాత్రలకని ఆయన పెట్టుకున్న అలారం. ఎవరో తీసి ఆపబోతే వదిన వద్దని చెయ్యూపింది. లేచి లోపలికి పోయి, మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగింది. ఫోను ఆపి, చెంగుతో మూతి తుడుచుకుని, వచ్చి మళ్లీ ఆయన పక్కన కూర్చునింది.