డీజిల్ పూసిన టైర్లు

ఈ ఉదయం మా అక్క కొడుకు పలమనేరులో ఏదో పెళ్లికి బయలుదేరుతూ, వేసవంతా తిరుపతి ఎండలో అపార్టుమెంటు ముందు కదలకుండా పడివున్న కారు టైర్లకు సీసాలోని నూనె ఏదో పూస్తూ కనిపించాడు. పూసిన కొద్దీ అవి కడిగిన ఎనుముల్లా నిగనిగలాడాయి. నేను వంగి ముందు టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాను. నూనె కింద మడమ పగుళ్ల లాంటి పగుళ్లు, వాటిలోకి నా గోరు దిగింది. అలా గోరు దిగిన టైరును ఇదివరకు ఒకే ఒక్కసారి చూశాను.

రేణిగుంటలో లారీల షెడ్డులో పనికి కుదిరిన కొత్తల్లో మా మేస్త్రి టైర్లను పశువుల్లా సాకేవాడు. నిలిచిన బండి చక్రాల మీద ఎండ పడకుండా గోనెసంచులు కప్పించేవాడు, వారానికోసారి గాలి చూసి బండిని కాస్త ముందుకూ వెనక్కీ కదిలించేవాడు, నెలల తరబడి కదలదనుకుంటే బరువు పడకుండా కొయ్య దిమ్మెల మీదికి ఎత్తించేవాడు. కడిగితే నీళ్లతోనే కడగాలి, రబ్బరు పగులుతుందని డీజిల్ చుక్క తగిలినా ఊరుకునేవాడు కాదు. అరిగి చావడం టైరు అదృష్టమనీ, నిలబడి చావడం దాని ఖర్మ అనీ ఆయన అనే మాట మన వయసువాళ్లు చాలామంది ఏదో ఒక షెడ్డులో వినే ఉంటారు.

చిత్తూరు దగ్గర మా బావకు మామిడి తోట ఉండేది. ఆయన జీపు కాయల కాలంలో తిరిగి, మిగతా ఏడాదంతా కళ్లంలో ఎండకు నిలబడేది. ఆయుధపూజ వస్తే చాలు, నల్లగా మెరవాలని టైర్లకు డీజిల్ పూసేవాడు. ఒక పూజనాడు నేను డీజిల్ వద్దనీ, టైర్లకు నీడ పెట్టమనీ అన్నాను.

"ఏమప్పా బామ్మర్దీ, టైర్లకు గొడుగు పట్టమంటావా? పనిలో పని చీర కూడా కట్టిద్దాం!" అన్నాడు. చుట్టాలంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ తర్వాతి వేసవిలో ఆయన అక్కను తీసుకుని పలమనేరు బయలుదేరాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పైన గాట్లు అరగలేదు కాబట్టి టైర్లు కొత్తవేనని అందరి ధీమా. నేను పగుళ్లలో గోరు దించి చూపించి, ఈ టైరు దారిలోని మొగిలి ఘాటు రోడ్డు ఎక్కదనీ, అక్కనైనా బస్సులో పంపమనీ అంటూ ఉండగానే మా అమ్మ వచ్చి నా నోరు మూసింది.

"బయలుదేరేటప్పుడు ఏం మాటలురా అవి, నీ నోట్లో మన్నుబడ!"

నిమ్మకాయలు చితికాయి, జీపు కదిలింది. మధ్యాహ్నం ఘాటు మలుపులో ముందు టైరు పేలి, జీపు కొండకు కొట్టుకుంది. బావ చిన్న గాయాలతో బయటపడ్డాడు. అక్క కుడి మోకాలు మళ్లీ వంగలేదు. ఆస్పత్రిలో ఆయన అందరి ముందూ అన్న మాట ఇదీ: "టైరు బాగానే ఉండె. తగిలింది వీడి నోరు."

ఆనాటి నుంచి మా వాళ్ల ఇళ్లలో ఏ బండి బయలుదేరినా నన్ను పెరట్లోకి పంపేవారు. బావ పోయి ఏళ్లయింది, ఆ మాట మాత్రం పోలేదు. ఆయన అన్నది నిజమనీ, కాదనీ అక్క ఏనాడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ టైరు ఘాటు ఎక్కదని ఆనాడు బావతో అన్న మాటే ఈ ఉదయం మేనల్లుడితో చెప్పాను. వాడికి కోపం కూడా రాలేదు. ఫోనులో దారి చూసుకుంటూ "సరే మామా, వచ్చినాక మార్పిస్తాలే" అన్నాడు. వాడి భార్య, పాప ఎక్కారు. కారు తలుపు పట్టుకున్న అక్క, కర్ర ఊతంగా ఒకడుగు వెనక్కి వేసింది.

"నేను రాను. మీ మామ ఆ పొద్దు నిజమే సెప్పినాడు. ఈ పొద్దన్నా వినుకోండిరా, టైరు మార్చుకోని పోండి."

"ముహూర్తానికి లేటయితాది మా!" అంటూనే వాడు కారు కదిలించాడు.

ఎన్నో ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట వచ్చింది, కానీ సంతోషించడానికి మనసు రావడం లేదు. ఆ రోజుల్లో నా మాటకు భయపడైనా నా నోరు మూసేవారు, ఇప్పుడు సరే అని, దాని మీదుగానే బండి తోలుకుపోతున్నారు. అక్కా నేనూ మెట్ల మీద కూర్చున్నాం. ఎండ ముదురుతోంది. వాళ్లు ఘాటు దగ్గరికి చేరి ఉంటారు. మా మధ్య ఉన్న ఫోను ఇంకా మోగలేదు. అక్క ఆ మోకాలిని నిమురుకుంటోంది. నా మాట అబద్ధం కావాలని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకుంటున్నాను.