బేరమాడిన అంకె

మా బజారులో మొదట చెప్పిన ధరను ఎవరూ నమ్మరు. చెప్పేవాడే నమ్మడు. గోదావరిఖనిలో మా నాయన బట్టల దుకాణం గద్దె మీద కూర్చుని నేను నేర్చుకున్న చదువంతా ఇంతే. ఇంకేదో తెలిసినట్టు మాత్రం బాగా నటించేవాణ్ణి.

తొంభైల మొదట్లో ఒక రోజు అక్క దుకాణానికి వచ్చి, లంగాలకు కాస్త పొడుగు బొందులు కావాలంది. బావ గనిలో కార్మికుడు.

"ఏందక్కా, బావ ఓవర్ టైమంత నీ కడుపులకే పోతున్నదా?" అన్నాను. దుకాణంలో అందరూ నవ్వారు. అక్కా నవ్వింది.

"తింటనే లేను తమ్మీ. రెండు బుక్కలకే కడుపు నిండుతున్నది."

ఆ మాట నా చెవికెక్కలేదు. బొందు కొలుస్తున్నాను.

నెల తిరక్కుండానే కరీంనగర్‌లో స్కానింగ్ తీశారు. అండాశయంలో గడ్డ, కడుపులో నీరు. హైదరాబాదులో డాక్టరమ్మ క్యాన్సర్ అనుమానంతో సీఏ వన్ ట్వంటీఫైవ్ అనే రక్తపరీక్ష చేయించింది. ముప్పై అయిదు లోపు ఉండాల్సిన అంకె నాలుగు వందలు దాటింది. ఆమె ఫిలిమునూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని, "వచ్చే వారమే ఆపరేషన్ చెయ్యాలి" అంది.

బయట బెంచీ మీద అక్క నా చెయ్యి వదల్లేదు. "కోసుడు వద్దు తమ్మీ. నువ్వు మాట్లాడు. దేన్నన్న దించుతవ్ గద."

దించాను. పక్క వీధిలో ఇంకో ల్యాబుకు తీసుకుపోయి మళ్లీ రక్తం ఇప్పించాను. రెండు వందల డెబ్బై! మొదటివాళ్లు ఎక్కువ చెప్పారనడంలో నాకు అనుమానమే లేకుండా పోయింది. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని బజారంతా చూపించాను. స్కానింగ్ ఫిలిము మాత్రం బేరానికి లొంగలేదు. అందుకే దాన్ని తానుల వెనక దాచేశాను. అక్కకు బెల్లంపల్లి నుంచి ఆకుపసరు తెప్పించాను.

బావ ఒక్కడే అడిగాడు. "ఆ ఫొటువ ఏమాయె? అండ్ల గడ్డ సుత తగ్గిందా?"

"బొగ్గు సంగతి నువ్వు చూడు బావా. కాగితాల సంగతి నేను చూస్త" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

రెండు నెలలకు అక్క కూర్చోలేని స్థితికి వచ్చింది. డాక్టరమ్మ ముందు రెండో కాగితం పెట్టాను.

"దీన్నీ దాన్నీ పోల్చకూడదు. ఒక్కో ల్యాబులో ఒక్కో పరీక్ష కిట్టు. అంకెనూ ఫిలిమునూ కలిపి చూస్తేనే జబ్బు ఎంత దూరం వచ్చిందో తెలిసేది. మొదటి ఫిలిమేది?"

"దుకాణంల ఉన్నదమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. కొత్త స్కానింగ్‌లో జబ్బు కాలేయం దాకా పాకినట్టు తేలింది. కడుపు తెరిచి, తియ్యగలిగినంత తీసి కుట్టేశారు. మిగిలిన రోజుల గురించి డాక్టరమ్మ బావకే చెప్పింది, నాకు కాదు.

మూడో రోజు వార్డులో అక్క పక్క మంచం ఆమెతో గొప్పలు చెబుతోంది.

"మా తమ్ముడు గట్టోడవ్వా. మాట్లాడి రెండు నెలలు కోత ఆపిచ్చిండు. లేకుంటె నన్ను గప్పుడే కోస్తుండ్రి." నా వైపు తిరిగింది. "గంతేగా తమ్మీ?"

బావ మంచం కాళ్ల దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

"అవునక్కా" అన్నాను.

బావ నీళ్ల చెంబు తీసుకుని బయటికి వెళ్లాడు. చెంబు నిండుగానే ఉంది.